కౌచ్‌డీబీలోకి చెత్త రానివ్వకుండా: వాలిడేషన్ ఫంక్షన్లకు చిట్కాలు

టేబుళ్లూ కాలమ్‌లూ ఉన్న డేటాబేస్‌లో ఏ గడిలో ఏం రావాలో ముందే గీసిపెట్టి ఉంటుంది. అంకె రావాల్సిన చోట పేరు రాస్తే అదే ఒప్పుకోదు. కౌచ్‌డీబీ తీరు వేరు. జేసన్ రూపంలో ఏది తెచ్చినా పుచ్చుకుంటుంది. లోటస్ నోట్స్ మీద పనిచేసి వచ్చిన డామియన్ కాట్జ్ 2005లో దీన్ని మొదలుపెట్టాడు, 2008లో అపాచీ ప్రాజెక్టు అయింది. స్కీమా లేకపోవడం దానికి లోటు కాదు, స్వభావం. ఆ స్వభావానికి పగ్గం వేయడానికి మన చేతికిచ్చింది ఒక్క ఫంక్షనే: వాలిడేట్_డాక్_అప్‌డేట్. డాక్యుమెంట్ రాసే ప్రతిసారీ సర్వర్ దాన్ని పిలుస్తుంది. అది మాట్లాడకుండా ఊరుకుంటే రాత జరుగుతుంది, ఎర్రర్ త్రో చేస్తే ఆగిపోతుంది.

చెప్పుకోవడానికి ఒక పాల కేంద్రాన్ని ఉదాహరణగా పెట్టుకుందాం. ఊళ్లోవాళ్లు రెండు పూటలా పాలు పోస్తారు. లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాలు) అక్కడున్న ఫోన్‌లో ఎక్కుతాయి. సిగ్నల్ దొరికినప్పుడు ఆ లెక్కలన్నీ మండల కేంద్రంలోని సర్వర్‌కి చేరతాయి. ఫోన్‌లో పౌచ్‌డీబీ, సర్వర్‌లో కౌచ్‌డీబీ, మధ్యలో రెప్లికేషన్. కౌచ్‌డీబీకి ఇంతకంటే నప్పే పని ఉండదు. అయితే వాలిడేషన్‌లో అసలు చిక్కులన్నీ కూడా ఆ మధ్యలోని రెప్లికేషన్ దగ్గరే ఉన్నాయి.

1. ఫంక్షన్‌కి ఏం కనపడుతుందో ముందు తెలుసుకోండి. దానికి అందేవి నాలుగే: రాయబోతున్న కొత్త డాక్యుమెంట్, ఇప్పటికే ఉన్న పాత డాక్యుమెంట్, రాస్తున్నవాళ్ల పేరూ రోల్సూ ఉన్న యూజర్ కాంటెక్స్ట్, ఆ డేటాబేస్ తాలూకు సెక్యూరిటీ ఆబ్జెక్ట్. వాటికి మీరు పెట్టుకునే పేర్లు మీ ఇష్టం, వరస మాత్రం ఇదే. ఇంకో డాక్యుమెంట్‌ని తెరిచి చూడటం, వ్యూని అడగటం, బయటి సర్వర్‌తో మాట్లాడటం దాని వల్ల కాదు. «0142 నంబరు సభ్యుడు అసలు ఉన్నాడా» అంటే దాని దగ్గర జవాబు లేదు. «ఈ నెలలో ఈయన అడ్వాన్సు దాటిపోయిందా» అన్నా అంతే. అలాంటి నియమాలు మనసులో ఉంటే వాటిని అప్లికేషన్‌లోనో, తర్వాత నడిపే తనిఖీ స్క్రిప్టులోనో పెట్టుకోవాలి. ఇక్కడ ఇరికించాలని చూడకండి.

2. ఒకటే ఎంట్రీ రెండుసార్లు పడకూడదంటే ఆ పని _ఐడీకి అప్పజెప్పండి. ఒక సభ్యుడికి ఒక పూటకి ఒకటే ఎంట్రీ ఉండాలన్న నియమం ఫంక్షన్‌లో రాయలేం, పక్క డాక్యుమెంట్ దానికి కనపడదు కదా. అదే _ఐడీని «పాలు:0142:2024-06-11:ఉదయం» అని కడితే రెండో ఎంట్రీకి చోటే ఉండదు. సర్వర్ కాన్‌ఫ్లిక్ట్ అంటుంది. ఫంక్షన్ చేయాల్సిందల్లా ఆ _ఐడీని కోలన్ దగ్గర విడదీసి, లోపలి సభ్యుడి నంబరు, తేదీ, పూట ఫీల్డులతో సరిపోతున్నాయో లేదో చూడటం. దీనికి పాత డాక్యుమెంట్ అక్కర్లేదు, యూజర్ ఎవరో అక్కర్లేదు. ఎక్కడ నడిపినా ఒకటే తీర్పు. రెండు ఫోన్లలో అదే పూట ఎక్కించినా సింక్ అయ్యాక రెండు డాక్యుమెంట్లు కావు, ఒకే డాక్యుమెంట్‌లో కాన్‌ఫ్లిక్ట్‌గా దొరుకుతాయి. అప్పుడు ఏది ఉంచాలో మనిషి చూసి తేల్చవచ్చు.

3. డిలీట్ సంగతి మొదటి వరసలోనే తేల్చేయండి. కౌచ్‌డీబీలో డిలీట్ చేయడమంటే చెరిపేయడం కాదు, _డిలీటెడ్ అన్న ఫీల్డు ట్రూ అని ఉన్న కొత్త రివిజన్ రాయడం. అదీ రాతే కాబట్టి మీ ఫంక్షన్ దగ్గరికే వస్తుంది. మామూలు హెచ్‌టీటీపీ డిలీట్‌తో వచ్చిన దాంట్లో లీటర్లూ ఉండవు, ఫ్యాట్ కూడా ఉండదు. «లీటర్లు తప్పనిసరి» అన్న నియమం పైన ఉంటే ఎవరూ దేన్నీ డిలీట్ చేయలేరు. కొత్తగా రాసేవాళ్లకి ముందుగా తగిలే దెబ్బ ఇదే. డిలీట్ ఎవరు చేయవచ్చో చూసుకుని, చేయవచ్చంటే అక్కడే రిటర్న్ అయిపోండి. ఎందుకు తీసేశారో రికార్డులో ఉండాలనుకుంటే డిలీట్ బదులు పుట్ వాడి, _డిలీటెడ్‌తో పాటు రకం, కారణం అన్న ఫీల్డులు కూడా రాయవచ్చు. ఫిల్టర్ పెట్టి రెప్లికేట్ చేసేవాళ్లకి ఆ రకం ఫీల్డు తర్వాత అక్కరకొస్తుంది.

4. పాత డాక్యుమెంట్ నల్ కావచ్చు. కొత్తగా పుట్టిన డాక్యుమెంట్‌కి పాతది ఉండదు, ఇది అందరికీ తెలుసు. మరిచిపోయేది ఇంకోటి: సర్వర్ ఎప్పుడూ చూడని డాక్యుమెంట్ ఫోన్‌లో పుట్టి, ఫోన్‌లోనే డిలీట్ అయి, ఆ డిలీట్ మాత్రమే సింక్‌లో రావచ్చు. అంటే కొత్తదాంట్లో _డిలీటెడ్ ఉంటుంది, పాతది మాత్రం నల్. «పాత డాక్యుమెంట్‌లోని పేరూ యూజర్ పేరూ ఒకటేనా» అని నేరుగా అడిగితే ఫంక్షన్ అక్కడ బోర్లా పడుతుంది.

5. తిప్పి పంపేటప్పుడు సరైన మాట వాడండి. ఫర్బిడెన్ అన్న కీతో ఆబ్జెక్ట్ త్రో చేస్తే అవతలివాళ్లకి 403 అందుతుంది, అనాథరైజ్డ్ అంటే 401. డేటా తప్పుగా ఉంటే మొదటిది. అసలు లాగిన్ కాకపోతే, అంటే యూజర్ కాంటెక్స్ట్‌లో పేరు నల్ అయితే, రెండోది. ఈ తేడా పాటించకపోతే అప్లికేషన్ తప్పుడు పని చేస్తుంది. ఫ్యాట్ అంకె సరిగ్గా లేదన్న చోట పాస్‌వర్డ్ మళ్లీ కొట్టమంటుంది.

సందేశం మనుషుల భాషలో ఉండాలి. «ఇన్‌వాలిడ్ డాక్యుమెంట్» అంటే కేంద్రంలో కూర్చున్న కుర్రాడికి ఏం తెలుస్తుంది? «ఫ్యాట్ 65 అని ఉంది. 1 నుంచి 15 మధ్య ఉండాలి. చుక్క పెట్టడం మరిచారా?» అంటే వెంటనే దిద్దుకుంటాడు. వచ్చిన విలువ, ఉండాల్సిన విలువ, ఏ ఫీల్డు: ఈ మూడూ ఉంటే చాలు. తప్పులు నాలుగుంటే ఒక్కొక్కటే త్రో చేసి నాలుగుసార్లు తిప్పకుండా, అన్నీ ఒక అరేలో పోగేసి, చివర్న ఒకే వాక్యంగా కలిపి ఒకేసారి త్రో చేయండి. అధికారానికి సంబంధించిన తప్పయితే మాత్రం పోగేయవద్దు. అక్కడికక్కడే ఆపేయాలి.

6. లోపలి ఫీల్డు చదివే ముందు బయటిది ఉందో లేదో చూడండి. కొలత అనే ఆబ్జెక్ట్ లోపల లీటర్లు ఉంటే, కొలతే లేని డాక్యుమెంట్ వచ్చినప్పుడు జావాస్క్రిప్ట్ టైప్ ఎర్రర్ ఇస్తుంది. రాత ఎలాగూ ఆగుతుంది గానీ అవతలివాళ్లకి కనపడేది మీరు రాసిన సందేశం కాదు, ఇంజిన్ విసిరిన మాటలు.

7. చిన్న సహాయ ఫంక్షన్లు రాసుకోండి, కానీ పేర్లు చూసుకోండి. క్రిస్ ఆండర్సన్, యాన్ లేనార్ట్, నోవా స్లేటర్ కలిసి రాసి 2010లో ఓరైలీ వేసిన «కౌచ్‌డీబీ: ది డెఫినిటివ్ గైడ్»లో వాలిడేషన్‌కి ఒక అధ్యాయమే ఉంది. ఒక ఫీల్డు తప్పనిసరిగా ఉండాలని చెప్పేది ఒకటి, ఒక ఫీల్డు మారకూడదని చెప్పేది ఒకటి, ఇలా రెండు మూడు చిన్న ఫంక్షన్లు కట్టుకుని వాడమంటుంది. పద్ధతి ఇప్పటికీ బంగారంలాంటిది. అక్షరం పొల్లుపోకుండా దింపుకుంటే మాత్రం రెండు ఇబ్బందులు.

మొదటిది, అందులో తప్పనిసరి ఫీల్డుని చూసే ఫంక్షన్ పేరు రిక్వైర్. మాడ్యూళ్లు తెచ్చుకోవడానికి కౌచ్‌డీబీ ఇచ్చే ఫంక్షన్ పేరూ అదే. మీది పెట్టుకుంటే దాన్ని కప్పేస్తుంది. «కావాలి» అనో «ఉండాలి» అనో అర్థమొచ్చే వేరే పేరు పెట్టుకోండి. రెండోది ఇంకా చల్లగా దెబ్బకొడుతుంది. ఆ ఫంక్షన్ ఫీల్డు విలువ ట్రూనా ఫాల్సా అన్నట్టు చూస్తుంది. జావాస్క్రిప్ట్‌లో సున్నా కూడా ఫాల్స్ లెక్కే. «కలిపిన నీళ్లు 0 శాతం» అని నిజాయితీగా రాసిన డాక్యుమెంట్‌ని «ఆ ఫీల్డు లేదు» అని వెనక్కి కొడుతుంది. ఖాళీ స్ట్రింగ్, ఫాల్స్ అన్న విలువ కూడా ఈ వలలోనే పడతాయి. ఫీల్డు లేకపోవడం వేరు, విలువ సున్నా కావడం వేరు. అన్‌డిఫైన్డ్, నల్ అవునా కాదా అని విడిగా అడగండి.

8. అంకె అంకేనా, అంకెలా కనపడే స్ట్రింగా? ఫారంలో టైపు చేసింది అలాగే వస్తే ఫ్యాట్ «6.5» అని కోట్‌లలో వస్తుంది. దాన్ని 1 కంటే ఎక్కువా, 15 కంటే తక్కువా అని అడిగితే జావాస్క్రిప్ట్ తనంతట తాను అంకెగా మార్చుకుని అవునంటుంది. నియమం పాసయిపోతుంది, డాక్యుమెంట్ లోపలికి వెళ్లిపోతుంది. నెలాఖరున బిల్లుల కోసం _సమ్ రెడ్యూస్ పెట్టిన వ్యూని అడిగినప్పుడు, స్ట్రింగులు కూడలేనని అది మొరాయిస్తుంది. అప్పటికి ఆ ఒక్క డాక్యుమెంట్ ఎక్కడుందో వేల ఎంట్రీల్లో వెతుక్కోవాలి. కాబట్టి హద్దులు చూసే ముందు టైప్ఆఫ్‌తో నంబరేనా అని అడగండి. అరేకి టైప్ఆఫ్ పనికిరాదు, ఆబ్జెక్ట్ అంటుంది. దానికి ఈజ్అరే ఫంక్షన్ అందుబాటులో ఉంది.

హద్దుల విషయంలో చేయి కాస్త వదులుగా ఉంచండి. గేదె పాలలో ఫ్యాట్ 6, 7 దగ్గర ఉంటుంది, ఆవు పాలలో 4 చుట్టూ. అందుకని 8 దాటితే తిప్పికొడతానంటే ఈతకి దూరంగా, చివరి దశలో ఉన్న గేదె చిక్కటి పాలు ఇచ్చినరోజు నిజమైన ఎంట్రీ ఆగిపోతుంది. ఇక్కడ ఆపాల్సింది అసంభవాన్ని, అరుదైనదాన్ని కాదు. అరుదైనవి ఒక వ్యూలో విడిగా కనపడేలా చేస్తే సూపర్‌వైజర్ చూసుకుంటాడు.

9. ఫంక్షన్ లోపల గడియారం చూడకండి. «ముందు తేదీ వేయకూడదు», «మూడు రోజుల కంటే పాత ఎంట్రీ ఒప్పుకోం» లాంటి నియమాలు వినడానికి సబబుగానే ఉంటాయి. అయితే వానలకి టవర్ పడిపోయి వారం తర్వాత ఫోన్ సింక్ అయితే ఆ వారం పాలన్నీ వెనక్కొస్తాయి. ఏడాది తర్వాత కొత్త సర్వర్ పెట్టి పాతదాన్నుంచి రెప్లికేట్ చేస్తే మూడు రోజుల కంటే పాత ఎంట్రీ ఒక్కటి కూడా ఎక్కదు. నిన్న ఒప్పుకున్న డాక్యుమెంట్‌ని రేపు కూడా ఒప్పుకోవాలి, ఏ సర్వర్‌లోనైనా ఒప్పుకోవాలి. ఈ ఒక్కటీ పట్టుకుంటే మిగతా నియమాల్లో ఏది ఇక్కడ ఉండాలో, ఏది ఉండకూడదో చాలావరకు తేలిపోతుంది.

తేదీల్లోనే ఇంకో మెలిక ఉంది. ఎంట్రీ సమయాన్ని యూటీసీలో ఐఎస్ఓ స్ట్రింగుగా దాచడం మంచి అలవాటే. కానీ మన గడియారం దానికి అయిదున్నర గంటలు ముందుంటుంది. జూన్ 11 పొద్దున్నే 5.10కి పోసిన పాలకి యూటీసీలో సమయం జూన్ 10, 23.40. «_ఐడీలోని తేదీ, సమయంలోని తేదీ ఒకటై ఉండాలి» అని రాసి, మధ్యాహ్నం టెస్టు చేసుకుని చూస్తే అంతా బాగానే ఉంటుంది. తెల్లారగానే క్యూలో నిలబడ్డవాళ్ల ఎంట్రీలన్నీ ఎగిరిపోతాయి. పాల తేదీని విడిగా ఒక ఫీల్డులో పెట్టుకుని _ఐడీని దానితో పోల్చండి. సమయాన్ని సమయంగా వదిలేయండి.

10. ఒక్కో మెట్టూ ఎక్కాలన్న నియమం రెప్లికేషన్‌లో నిలవదు. ఎంట్రీకి స్థితి ఉందనుకోండి: డ్రాఫ్ట్, ఆ తర్వాత సరిచూసినది, ఆ తర్వాత బిల్లు అయినది. «డ్రాఫ్ట్ నుంచి నేరుగా బిల్లుకి దూకకూడదు, కొత్త డాక్యుమెంట్ డ్రాఫ్ట్‌గానే పుట్టాలి» అని రాయాలనిపిస్తుంది. ఒకే సర్వర్ మీద, అందరూ నేరుగా రాస్తుంటే ఇది బాగానే నడుస్తుంది. రెప్లికేషన్ మాత్రం మధ్య రివిజన్లన్నీ మోసుకురాదు, చివరిదాన్నే తెస్తుంది. కేంద్రంలో డ్రాఫ్ట్ రాసి, దిద్ది, సరిచూసి, ఆ తర్వాత సింక్ చేస్తే మండల సర్వర్‌కి చేరేది ఒక్కటే: సరిచూసిన డాక్యుమెంట్. దానికి పాతది నల్. «ఇది డ్రాఫ్ట్‌గా పుట్టలేదు» అని ఫంక్షన్ తిప్పికొడుతుంది. తప్పు ఎవరిదీ లేదు, నియమం అడిగిన చరిత్ర దాని ముందుకు రానేలేదు.

దీనికి నాకు నచ్చిన దారి, చరిత్రని డాక్యుమెంట్ లోపలే పెట్టడం. మార్పులు అనే అరేలో స్థితి, ఎవరు, ఎప్పుడు అని ఒక్కో వరస చేరుస్తూ పోతే, కొత్త డాక్యుమెంట్ ఒక్కదాన్నే చూసి ఆ వరస సక్రమంగా ఉందో లేదో ఫంక్షన్ చెప్పగలదు. పాతది దొరికితే పాత వరసలు చెక్కుచెదరకుండా ఉన్నాయా అని అదనంగా చూస్తుంది, దొరక్కపోతే ఊరుకుంటుంది. డాక్యుమెంట్ కాస్త లావవుతుంది, పర్వాలేదు.

11. రాసినవాళ్లూ మోసుకొచ్చినవాళ్లూ ఒకరే కానక్కర్లేదు. «రాసింది ఎవరు అన్న ఫీల్డు యూజర్ పేరుతో సరిపోవాలి» అన్నది ప్రతి ఉదాహరణలోనూ కనపడే నియమం. రెండు సర్వర్ల మధ్య రెప్లికేషన్ ఒక ప్రత్యేక అకౌంటుతో నడుస్తుంటే, వచ్చే ప్రతి డాక్యుమెంట్‌కీ యూజర్ కాంటెక్స్ట్‌లో ఉండేది ఆ అకౌంటు పేరే. నియమం ప్రకారం అన్నీ తప్పే. ఆ అకౌంటుకి ఒక రోల్ ఇచ్చి, ఆ రోల్ ఉన్నవాళ్లకి ఈ ఒక్క పరీక్ష వదిలేయండి. డాక్యుమెంట్ ఆకారం చూసే పరీక్షలు మాత్రం వాళ్లకీ ఉండాలి.

12. అడ్మిన్‌కి మినహాయింపు దానంతటదే రాదు. సర్వర్ అడ్మిన్ రాసినా ఫంక్షన్ నడుస్తుంది. మినహాయించాలంటే రోల్స్‌లో _అడ్మిన్ ఉందా అని మీరే చూడాలి. ఇంకో తిరకాసు: ఒక్క డేటాబేస్‌కే అడ్మిన్ అయినవాళ్లకి ఆ _అడ్మిన్ రోల్ ఉండదు. వాళ్ల పేరు గానీ రోల్ గానీ సెక్యూరిటీ ఆబ్జెక్ట్‌లోని అడ్మిన్ల జాబితాలో ఉంటుంది. నాలుగో ఆర్గ్యుమెంట్ ఉన్నది ఇందుకే. ఎవరికి మినహాయింపు ఇచ్చినా అధికారం పరీక్షలకే ఇవ్వండి. ఫ్యాట్ స్ట్రింగుగా రాసింది అడ్మిన్ అయినా నెలాఖరు బిల్లు ఆగడం ఖాయం.

ఈ పద్ధతి ఎలా ఉంటుందో చూడాలంటే కౌచ్‌డీబీ తన _యూజర్స్ డేటాబేస్‌కి తనే రాసుకున్న ఫంక్షన్ చదవండి. రకం యూజర్ కావాలి, రోల్స్ అరే కావాలి, _ఐడీలో పేరు ఉండాలి, ఆ పేరు మారకూడదు, అడ్మిన్ కానివాళ్లు తమ రోల్స్ తాము మార్చుకోకూడదు. ఒక్కో నియమానికీ ఒక స్పష్టమైన వాక్యం. డిలీట్ సంగతి అన్నిటికంటే ముందే తేల్చేస్తుంది.

13. రకాన్ని బట్టి పని పంచండి. ఒకే డేటాబేస్‌లో సభ్యులు, పాల ఎంట్రీలు, ధరల పట్టికలు కలిసి ఉంటాయి. రకం అన్న ఫీల్డు చూసి ఒక్కోదాన్ని దాని ఫంక్షన్‌కి పంపండి. తెలియని రకం వస్తే తిప్పికొట్టండి, లేకపోతే «పాలు» బదులు «పాళు» అని రాసినా పరీక్షే లేకుండా లోపలికొచ్చి కూర్చుంటుంది. రకం మారకూడదన్న నియమం కూడా పెట్టండి. ధరల పట్టికని సభ్యుడిగా మార్చాల్సిన అవసరం ఎవరికీ రాదు.

14. ఒక డిజైన్ డాక్యుమెంట్‌లో ఒక్కటే వాలిడేషన్ ఫంక్షన్ పడుతుంది. డిజైన్ డాక్యుమెంట్లు ఎన్నయినా ఉండవచ్చు. అన్నిట్లోని ఫంక్షన్లూ నడుస్తాయి, అన్నీ ఒప్పుకుంటేనే రాత. ఏది ముందు నడుస్తుందో హామీ లేదు, కాబట్టి ఒకటి ముందే చూసేసిందని ఇంకోటి నమ్ముకోకూడదు. రకానికొక డిజైన్ డాక్యుమెంట్ చొప్పున పది పెట్టడం చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఈ ఫంక్షన్లు సర్వర్ లోపల నడవవు. పక్కనే ఉండే జావాస్క్రిప్ట్ ప్రాసెస్‌కి డాక్యుమెంట్‌ని జేసన్‌గా పంపి, జవాబు తెచ్చుకోవాలి. పది ఉంటే ప్రతి రాతకీ పది రానూపోనూ. నేనైతే రెండే పెడతాను: ఎవరు రాయవచ్చో చూసేది ఒకటి, డాక్యుమెంట్ ఆకారం చూసేది ఒకటి. మొదటిదాన్ని మార్చాలంటే ఆలోచించి, నలుగురికీ చెప్పి మార్చాలి. రెండోది వారం వారం మారినా ఫర్వాలేదు.

వ్యూలున్న డిజైన్ డాక్యుమెంట్‌లోనే వాలిడేషన్ మారిస్తే ఇండెక్సులన్నీ మళ్లీ కట్టుకుంటాయని చాలామంది భయపడతారు. అది జరగదు, ఇండెక్సు సంతకం వ్యూల నుంచే తయారవుతుంది. అయినా వేరే ఉంచడమే మేలు. వ్యూ సరిచేయబోయి ఎవరో పాత కాపీ ఎక్కిస్తే వాలిడేషన్ చప్పుడు లేకుండా వెనక్కి పోతుంది.

15. ఫంక్షన్‌ని ఫైల్లో రాయండి, డిజైన్ డాక్యుమెంట్‌లో కాదు. డిజైన్ డాక్యుమెంట్ జేసన్ కాబట్టి ఫంక్షన్ అందులో ఒక పొడవాటి స్ట్రింగు. వెబ్ పేజీలో ఆ స్ట్రింగుని చేత్తో దిద్దడం కంటికి శిక్ష. గిట్‌లో మామూలు జావాస్క్రిప్ట్ ఫైళ్లుగా ఉంచి, వాటిని చదివి డిజైన్ డాక్యుమెంట్‌గా ఎక్కించే చిన్న స్క్రిప్టు రాసుకోండి. కామన్‌జేఎస్ మాడ్యూళ్లు పనిచేస్తాయి. లిబ్ అన్న ఫీల్డు కింద పాలు, సభ్యుడు, సహాయకాలు అని మాడ్యూళ్లు పెట్టుకుంటే ప్రధాన ఫంక్షన్ పది వరసలకి దిగుతుంది.

సర్వర్‌లో ఏ జావాస్క్రిప్ట్ ఇంజిన్ ఉందో కనుక్కోండి. కౌచ్‌డీబీ చాలాకాలం స్పైడర్‌మంకీ 1.8.5 మీదే నడిచింది. దానికి యారో ఫంక్షన్ల లాంటి కొత్త రాత అర్థం కాదు. ఇప్పుడు కొత్త స్పైడర్‌మంకీలున్నాయి, 3.4 నుంచి క్విక్‌జేఎస్ కూడా ఎంచుకోవచ్చు. మీ కోడ్ ఎక్కడెక్కడ నడవాలో తెలియకపోతే పాత ఫంక్షన్, వార్ శైలిలోనే రాయడం క్షేమం.

16. సర్వర్ లేకుండానే పరీక్షించండి. ఇది వట్టి ఫంక్షన్, నాలుగు విలువలిస్తే పలుకుతుంది లేదా ఊరుకుంటుంది. నోడ్‌లో ఒక పట్టిక పెట్టుకోండి: కొత్త డాక్యుమెంట్, పాతది, యూజర్, రావాల్సిన జవాబు. సరైన ఎంట్రీలు మూడు నాలుగుంటే చాలు. తప్పుడువీ, చిక్కు పెట్టేవీ ఎక్కువ ఉండాలి. ఫ్యాట్ స్ట్రింగుగా ఉన్నది, సున్నా లీటర్లది, పాతది నల్‌గా ఉన్న డిలీట్, తెల్లవారుజామున 5.10 ఎంట్రీ, రెప్లికేటర్ మోసుకొచ్చినది, పేరు లేని యూజర్ రాసినది. వాడుకలో ఏదైనా వింత తగిలినప్పుడల్లా ఆ డాక్యుమెంట్‌ని ఈ పట్టికలో ఒక వరసగా చేర్చేయండి.

17. పాత డాక్యుమెంట్లని మరిచిపోవద్దు. కొత్త నియమం పెట్టిన క్షణంలో లోపలున్నవాటిని ఎవరూ చూడరు. ఎవరో వాటిలో ఒకదాన్ని తెరిచి ఫోన్ నంబరు దిద్ది సేవ్ చేయబోతారు, ఎప్పుడో 2019లో ఖాళీగా వదిలేసిన ఆధార్ చివరి అంకెలు లేవని ఫంక్షన్ మొండికేస్తుంది. ఫోన్ నంబరు దిద్దబోయినవాళ్లకి ఈ గొడవ ఏమిటో తలకెక్కదు. నియమం ఎక్కించే ముందే _ఆల్_డాక్స్ నుంచి అన్నీ తెచ్చి, నోడ్‌లో ఇదే ఫంక్షన్ మీద నడిపి, ఎన్ని ఆగుతాయో చూడండి. కొన్నే అయితే దిద్దండి. వేలల్లో ఉంటే డాక్యుమెంట్‌లో వెర్షన్ ఫీల్డు పెట్టి, పాత వెర్షన్‌కి పాత నియమం, కొత్తదానికి కొత్త నియమం అని విడదీయండి.

మాంగోడీబీలో ఈ ఇబ్బందికి ఏర్పాటు ఉంది. వాలిడేషన్‌ని ఎర్రర్ బదులు వార్న్‌లో పెడితే రాతని ఒప్పుకుని, లాగ్‌లో మాత్రం రాస్తుంది. కౌచ్‌డీబీలో అలాంటి మీట లేదు. కానీ లాగ్ అన్న ఫంక్షన్ ఉంది. కొత్త నియమాన్ని కొన్నాళ్లు త్రో చేయకుండా లాగ్‌లో రాయిస్తూ, అక్కడ ఏం పోగవుతుందో చూశాక త్రో కింద మార్చుకోవచ్చు.

18. ఈ కాపలా లేని దారులు కూడా తెలిసి ఉండాలి. చదవడానికి దీనితో సంబంధం లేదు. డేటాబేస్‌లో సభ్యత్వం ఉన్నవాళ్లు అందులోని ఏ డాక్యుమెంటైనా చదవగలరు. దాచాల్సినవి ఉంటే వేరే డేటాబేస్‌లో పెట్టాలి. _లోకల్ డాక్యుమెంట్ల మీద ఇది నడవదు. డిజైన్ డాక్యుమెంట్ల మీదా నడవదు, వాటికి అడ్మిన్ అయి ఉండటమే అర్హత. అటాచ్‌మెంట్ల విషయంలో సగమే కనపడుతుంది: పేరు, కంటెంట్ టైప్, పొడవు తెలుస్తాయి, లోపలి బైట్లు తెలియవు. రసీదు ఫొటో 5 ఎంబీ దాటకూడదనవచ్చు, అది రసీదేనా అని అడగలేం.

19. ఒకేసారి చాలా రాసేటప్పుడు 201 చూసి సంబరపడకండి. _బల్క్_డాక్స్‌తో వంద డాక్యుమెంట్లు పంపితే, అందులో మూడు ఫంక్షన్ తిప్పికొట్టినా మొత్తానికి వచ్చే జవాబు 201 కావచ్చు. ఏవి ఆగాయో జవాబులోని అరేలో ఒక్కో వరసగా, ఫర్బిడెన్ అన్న మాటతో, మీ సందేశంతో ఉంటుంది. ఆ అరే చదవని ఇంపోర్ట్ స్క్రిప్టు అబద్ధం చెబుతున్నట్టే.

20. ఆగిపోయినవి ఎక్కడ మిగిలిపోయాయో చూసుకోండి. పౌచ్‌డీబీ ఈ ఫంక్షన్‌ని తనంతట తాను నడపదు. ఫోన్‌లో ఎంట్రీ హాయిగా సేవ్ అయిపోతుంది, తప్పని తేలేది సింక్‌లో. అందుకే లిబ్‌లోని అవే మాడ్యూళ్లని అప్లికేషన్‌లో కూడా పెట్టి, సేవ్ బటన్ దగ్గరే ఒకసారి నడపండి. దాన్ని దాటుకుని పోయినవాటికి పౌచ్‌డీబీ డినైడ్ అన్న ఈవెంట్ ఇస్తుంది. దాన్ని పట్టుకుని, «మండలానికి చేరనివి» అని ఫోన్ తెరమీద ఎర్రగా ఒక జాబితా చూపించండి. సర్వర్ల మధ్య రెప్లికేషన్‌లో అయితే డాక్_రైట్_ఫెయిల్యూర్స్ అన్న లెక్క సున్నా దాటిందేమో రోజూ చూడాలి.

తిప్పికొట్టిన డాక్యుమెంట్ దగ్గర రెప్లికేషన్ ఆగి కూర్చోదు. దాన్ని వదిలేసి ముందుకి పోతుంది, చెక్‌పాయింట్ కూడా జరిగిపోతుంది. తర్వాత మీరు సర్వర్‌లో నియమాన్ని సరిచేసినా ఆ డాక్యుమెంట్ దానంతటదే మళ్లీ ప్రయత్నించదు. ఫోన్‌లో దాన్ని తెరిచి మళ్లీ ఒకసారి సేవ్ చేయాలి. కొత్త రివిజన్ పుడితేనే సింక్ దాన్ని మళ్లీ ఎత్తుకుంటుంది. ఆ ఎర్ర జాబితాలో ప్రతి వరస పక్కనా «మళ్లీ పంపు» అన్న బటన్ పెట్టి, అది నొక్కితే ఈ సేవ్ జరిగేలా చేస్తే కేంద్రంలోవాళ్లకి రివిజన్ అంటే ఏమిటో చెప్పాల్సిన పనిలేదు.